చివరి ఆయకట్టుకు టికెట్టేదీ?

మ్యాచ్ ఆదివారం. టికెట్లిచ్చేది గురువారం. అనంతపురం కుర్రాడు బస్సెక్కాల్సింది బుధవారం రాత్రి!

2022 సెప్టెంబరు నాటి సంగతిది. దాదాపు మూడేళ్ల విరామం తర్వాత హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి ఓ అంతర్జాతీయ మ్యాచ్ వచ్చింది. అదీ ఆస్ట్రేలియాతో టీ20. 25న ఆట. 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్లు అమ్ముతారని తెలియగానే వేలమంది వచ్చి పడ్డారు. గేటు దగ్గర తోపులాట తొక్కిసలాటగా మారింది. పోలీసులు లాఠీలకు పనిచెప్పారు. పలువురు గాయపడి ఆసుపత్రికి వెళ్లారు. మూడు రోజుల తర్వాత స్టేడియం నిండింది, కోహ్లీ, సూర్యకుమార్ చెలరేగారు, ఇండియా గెలిచింది. టీవీలో చూసినవాళ్లకి ఆ గొడవ గుర్తుకూడా రాలేదు.

అనంతపురం నుంచి హైదరాబాద్ మూడున్నర వందల కిలోమీటర్ల పైమాటే. బెంగళూరు కాస్త దగ్గర, రెండొందల చిల్లర. క్రికెట్ పిచ్చి ఉన్న ఈ జిల్లా కుర్రాళ్లకు పెద్ద మ్యాచ్ అంటే ఈ రెండూళ్లే. రాష్ట్రం సొంత స్టేడియం విశాఖలో ఉంది కానీ, అది ఆంధ్రకు ఆ చివర. అందుకే 'ముందొచ్చినవాడికి ముందు' అనే పద్ధతి వినడానికి ఎంత న్యాయంగా ఉన్నా, అది స్టేడియం పక్క వీధిలో ఉండేవాడికే న్యాయం. వాడు కౌంటర్ తెరిచే వేళకి ఇంట్లోంచి నడిచొస్తాడు. వీడు ఒకరోజు కూలీ, రెండు వైపులా బస్సు ఛార్జీ, ఓ రాత్రి నిద్ర పెట్టుబడి పెట్టి వెళ్తాడు. తీరా వెళ్లాక టికెట్లు అయిపోయాయంటే పెట్టుబడి గోవిందా!

ఈ లెక్క అనంతపురం వాళ్లకు కొత్తదేం కాదు. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో ఇదొకటి. తుంగభద్ర ఎగువ కాలువలో నీళ్లు వదిలిన ప్రతిసారీ చివరి ఆయకట్టు రైతు అడిగేది ఒక్కటే... 'పైన ఎంతమంది తోడుకున్నారు?' అని. క్రికెట్ అభిమాని ప్రశ్నా సరిగ్గా అదే. స్టేడియంలో ముప్ఫై తొమ్మిది వేల సీట్లున్నాయంటారు. కౌంటర్ దాకా వచ్చినవెన్ని?

పాసుల కోసం పంచాయితీ

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఓ తమాషా సంగతి దొరుకుతుంది. 2018 అక్టోబరు 24న విశాఖలో ఇండియా, వెస్టిండీస్ వన్డే జరిగింది గుర్తుందా? కోహ్లీ పది వేల పరుగులు పూర్తిచేసి 157తో అజేయంగా నిలిచిన మ్యాచ్. చివరి బంతికి టై అయింది కూడా. నిజానికి అది ఇందౌర్‌లో జరగాల్సింది. బీసీసీఐ కొత్త నిబంధనావళి ప్రకారం 90 శాతం టికెట్లు ప్రజలకు అమ్మాలి, ఉచిత పాసులు 10 శాతం మించకూడదు. ఆ పదిలో బోర్డుకెంత, రాష్ట్ర సంఘానికెంత అన్న దగ్గర పేచీ వచ్చింది. తెగలేదు. మ్యాచ్ విశాఖకొచ్చింది. అంటే ఆంధ్రా అభిమానులు ఆ చరిత్రను కళ్లారా చూడగలిగింది ఇందౌర్‌లో ఎవరికో పాసులు చాలకపోవడం వల్ల!

ఏడేళ్ల తర్వాత ఇదే కథ హైదరాబాద్‌లో. 2025 మార్చి చివర్లో సన్‌రైజర్స్ ఫ్రాంచైజీ, హైదరాబాద్ క్రికెట్ సంఘం మీద బోర్డుకు ఫిర్యాదు చేసింది. ఒప్పందం ప్రకారం పది శాతం, అంటే 3,900 ఉచిత టికెట్లు ఇస్తూనే ఉన్నా ఇంకా కావాలని బెదిరిస్తున్నారనీ, లక్నోతో మ్యాచ్‌కు ముందు ఓ బాక్సుకు తాళం కూడా వేశారనీ ఆరోపించింది. సంఘం కాదంది. తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. చివరికి పాత పది శాతం లెక్కకే ఇద్దరూ రాజీకొచ్చారు. జులైలో సీఐడీ రంగంలోకి దిగి సంఘం అధ్యక్షుడితో సహా కొందరిని అరెస్టు చేసింది.

గమనించాల్సిందేంటంటే, ఈ రెండు పంచాయితీల్లోనూ కొట్లాట ఆ పది శాతం గురించే. మిగతా తొంభై గురించి ఎవరూ గొంతెత్తలేదు. స్పాన్సర్ల వాటా ఎంత, అనుబంధ క్లబ్బుల వాటా ఎంత, ఆన్‌లైన్లో పెట్టినవెన్ని, కౌంటర్లో పెట్టినవెన్ని... ఈ లెక్క మ్యాచ్‌కు ముందు గోడమీద అంటించే అలవాటు మన దగ్గర లేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, తెల్లవారుజాము నుంచి వరసలో నిల్చున్నవాడికి దొరకని సీటు, టాస్ వేశాక కారు దిగేవాడికి ఖాళీగా ఎదురుచూస్తుంటుంది.

ఆన్‌లైన్ వచ్చాక దూరాభారం తీరుతుందనుకున్నారు. కొంత తీరింది కూడా. కానీ 2023 ప్రపంచకప్ టికెట్లు అమ్మినప్పుడు ఏం జరిగిందో తెలిసిందే. ఇండియా మ్యాచ్‌ల కోసం ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్లకి తెరమీద గంటలకొద్దీ 'క్యూ'యే కనిపించింది. విమర్శలు పెరిగాక బోర్డు మరో 4 లక్షల టికెట్లు విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నాలుగు లక్షలూ మొదట ఎక్కడున్నాయో మరి! కోల్‌కతాలో దక్షిణాఫ్రికా మ్యాచ్‌కు బ్లాకులో టికెట్లు అమ్ముతున్నారని పోలీసులు నిర్వాహకులను, అమ్మకం సంస్థనూ పిలిచి ప్రశ్నించారు. హైదరాబాద్ సంగతి వేరు. ఆ ప్రపంచకప్‌లో మూడు మ్యాచ్‌లు దక్కినా, వాటిలో ఇండియా ఆడింది ఒక్కటీ లేదు.

పంపకంలో గందరగోళం ప్రాణాల మీదికీ వస్తుంది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. 35 వేల మంది పట్టే చోటికి రెండు మూడు లక్షల మంది వచ్చారని కర్ణాటక ముఖ్యమంత్రే చెప్పారు. ఐపీఎల్ కప్పు గెలిచిన జట్టును చూడ్డానికి లోపలికి ఎవరిని రానిస్తారు, పాసు కావాలా అక్కర్లేదా అన్నది ఆ మధ్యాహ్నం దాకా జనానికి స్పష్టంగా తెలియదు. అది అనంతపురం అభిమానులకు అన్నిటికన్నా దగ్గరి పెద్ద స్టేడియం.

ఫుట్‌బాల్ వాళ్లు ఏం చేస్తున్నారు?

అనంతపురానికీ ఫుట్‌బాల్‌కీ ఓ చుట్టరికం ఉంది. స్పెయిన్ నుంచి వచ్చి 1969లో ఇక్కడ స్థిరపడిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ, కరవు పల్లెల పిల్లలకు బడీ ఆసుపత్రితో పాటు ఆటస్థలాన్నీ ఇచ్చింది. అక్కడి ఫుట్‌బాల్ శిక్షణకు స్పెయిన్ లా లిగా తోడ్పాటు అందించింది. ఆ స్పెయిన్‌లోనే, మాడ్రిడ్‌లో 2019 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. ఇంగ్లండ్ జట్లు లివర్‌పూల్, టోటెన్‌హామ్ తలపడ్డాయి. పంచిన టికెట్లు 63,500. జట్టుకు దక్కింది 16,613. రెండు జట్ల అభిమానులకూ కలిపి సగం కన్నా కాస్త ఎక్కువ. సామాన్య ప్రజలకు 4 వేలు. మిగిలినవి స్పాన్సర్లకు, సంఘాలకు, ప్రసార సంస్థలకు. అభిమానులు గగ్గోలు పెట్టారు. అయితే ఒక మెచ్చుకోదగ్గ సంగతి... ఈ అంకెలన్నీ ముందే ప్రకటించారు. తిట్టడానికైనా ఓ లెక్క దొరికింది.

వచ్చిన వాటాను క్లబ్బు ఎలా పంచాలన్నదే అసలు చర్చ. అక్కడ తరచూ వినిపించేవి రెండు వాదాలు. ఏడాదంతా వానలో, చలిలో జట్టు వెంట తిరిగినవాడికే ఫైనల్ టికెట్ అనేది మొదటిది. సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు చూశాడో లెక్కగట్టి, ఎక్కువ చూసినవాడికి ముందు ఇస్తారు. మరి కొత్తగా అభిమాని అయిన పిల్లాడి మాటేమిటి, దూరాన ఉండేవాడి మాటేమిటి అనేది రెండో వాదం. వాళ్లకు లాటరీయే గతి. లివర్‌పూల్ లాంటి క్లబ్బులు రెంటినీ కలిపాయి. ముందు పాత కాపులకు, మిగిలినవి చీటీ తీసి.

డబ్బున్నవాడికే టికెట్ అనే మూడో దారి కూడా ఉంది. 2026 ప్రపంచకప్‌కు ఫిఫా ఎంచుకున్నది దాదాపు అదే. గిరాకీని బట్టి రేటు పెంచే పద్ధతి పెట్టింది. ప్రతి మ్యాచ్‌లో ఆడే జట్టు అభిమానులకు 8 శాతం చొప్పున కోటా ఇచ్చింది కానీ, ఆ కోటాలో ఫైనల్‌కు అతి చవక టికెట్టే 4,185 డాలర్లని 2025 డిసెంబరులో తేలింది. అంటే మూడున్నర లక్షల రూపాయల పైచిలుకు! ఐరోపా అభిమాన సంఘాలు నమ్మకద్రోహమని మండిపడ్డాయి. వారం తిరక్కుండానే ఫిఫా 60 డాలర్ల టికెట్లను తెరమీదికి తెచ్చింది. జట్టు కోటాలో పదోవంతుకే అవి. సముద్రంలో కాకిరెట్ట అని కొందరు పెదవి విరిచినా, గొడవ చేస్తే ధర దిగుతుందని రుజువైంది.

అదే నెల 13న మెస్సీ మన దేశానికి వచ్చాడు. కోల్‌కతాలో వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు మెస్సీ చుట్టూ మూగిన ప్రముఖుల వీపులే కనిపించాయి. కాసేపటికే ఆయన వెళ్లిపోయాడు. కుర్చీలు విరిగాయి. సాయంత్రం హైదరాబాద్‌లో కార్యక్రమం సజావుగా సాగి, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆయనతో పాటు బంతి తన్నారు. ఒకే మనిషి, ఒకే రోజు. తేడా అంతా మైదానంలోకి ఎవరిని ఎంతమందిని వదిలారన్న దగ్గరే.

స్టేడియమే ఊరికొస్తే...

పాత చెరువుల కింద ఓ పద్ధతి ఉండేది. నీళ్లు తక్కువైన ఏడాది తూముకు దగ్గరి పొలంలో కొంత భాగాన్నే ఎంచుకుని, చివరి పొలం రైతుకు కూడా అందులో అతని భూమికి తగ్గ వాటా ఇచ్చేవారు. దామాషా అనేవారు దాన్ని. తూము విప్పే నీరుగంటి అందరి కళ్లముందే పంచేవాడు. టికెట్లకు ఈ దామాషా పెడితే? మ్యాచ్ జరిగే ఊరికింత, జిల్లాలకింత అని వాటా వేసి, జిల్లా వాటాను అక్కడే చీటీ తీసి ఇస్తే బుధవారం రాత్రి బస్సు తప్పుతుంది. ఆధార్ నంబరు అడిగే రోజుల్లో ఇది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. దొంగ చిరునామాలు పుట్టుకొస్తాయన్న అభ్యంతరం నిజమే. బ్లాకు మార్కెట్ ఇప్పుడు మాత్రం లేదా?

ఒక్కసారి మాత్రం ఆటే అనంతపురం వెతుక్కుంటూ వచ్చింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీలో ఒక్కటి తప్ప మ్యాచ్‌లన్నీ ఇక్కడి ఆర్డీటీ మైదానాల్లోనే జరిగాయి. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్, ఇషాన్ కిషన్, సంజు శాంసన్... టీవీలో తప్ప కనిపించనివాళ్లు ఊళ్లోకి దిగారు. ఆంధ్రా ఆటగాడు రికీ భుయ్ ఇక్కడే సెంచరీ కొట్టాడు. ఓ అభిమాని మైదానంలోకి పరుగెత్తి రుతురాజ్ కాళ్లు మొక్కిన వీడియో దేశమంతా చూసింది. 22న మయాంక్ అగర్వాల్ జట్టు ఇండియా-ఎ కప్పు అందుకోవడంతో పండగ ముగిసింది.

ఆ తర్వాత మళ్లీ బస్సు, రైలు, ఫోను తెర. ఐరోపా పద్ధతిలో మనమూ హాజరుకు పాయింట్లు వేద్దామని అనేవాళ్లూ ఉన్నారు. నమ్మకమైన అభిమానికి పెద్దపీట వేయాలన్న మాట బాగానే ఉంది. కానీ రాయదుర్గంలోనో, కళ్యాణదుర్గంలోనో ఉంటూ ఇరవై ఏళ్లుగా ఒక్క మ్యాచ్‌కీ టికెట్ దొరకనివాడి ఖాతాలో ఎన్ని పాయింట్లు వేస్తారు?