గండికోట చూచి వచ్చితిమి

మనవైపు స్త్రీలకు యాత్ర యనగా దైవదర్శనమే. త్రిపురాంతకము, శ్రీశైలము, తిరుపతి, భాగ్యము పండినచో కాశి. దేవుడు లేని చోటికి డబ్బు వ్యయపరచుకొని పోవుట యెందులకని పెద్దలు ప్రశ్నింతురు. "నది కొండను కోసిన చోటు చూడవలెన"ని నేను చెప్పగా మా అత్తగారు, "మనకు కొండలు తక్కువయ్యాయా?" అనిరి. నిజమే, పుల్లలచెరువు చుట్టుపట్ల కొండలకు కొదువ లేదు, కొదువయెల్ల నీటికే. కార్యక్రమపత్రములో రెండవనాటి మధ్యాహ్నము యాగంటి దర్శనము గలదని చూపిన పిమ్మటగాని ఆమె సమ్మతింపలేదు. అంతటితో ఆగక, తామును వత్తునని సంచి సర్దుకొనిరి.

మేము నెలకు 300 రూపాయల చొప్పున పదునొకండు నెలలు చీటి వేసికొంటిమి. స్త్రీలు పదునైదుగురు, పిల్లలార్గురు, పెట్టెలు మోయుటకు పురుషులు ముగ్గురు. మావారు ఆ ముగ్గురిలో నొకరు. సంక్రాంతి సెలవులలో బయలుదేరితిమి. నంద్యాలవైపు యువకుడొకడు ఇట్టి బృందములను వెంటబెట్టుకొని తిప్పు వృత్తి నవలంబించి యున్నాడు. బండి టిక్కెట్లు, బస, భోజనము, చూపించుట, చెప్పుట అన్నియు నతనివే. స్త్రీలకు మార్గదర్శి పురుషుడే కానేల యని కొందరడిగిరి. అమెరికాదేశమున న్యూమెక్సికో యను ఎండుసీమలో 1926వ సంవత్సరముననే రైలు దిగిన యాత్రికులను మోటారులలో త్రిప్పి చూపుటకు చదువుకొన్న యువతులను నియమించిరి. కొలరాడో నది కోసిన మహాగహ్వరపు అంచునకు 1901లో రైలు చేరినది. ఆ యంచున 1932లో రాతిగోపురము నిర్మింపజేసిన శిల్పి మేరీ కోల్టర్ అను స్త్రీయే. మన చోట్లను మన పిల్లలు చూపు దినము కొరకు నేను కనిపెట్టుకొని యుందును.

మార్కాపురం రోడ్డు స్టేషనులో తెల్లవారుజామున బండి యెక్కితిమి. తర్లుపాడు దాటునప్పటికే పులిహోర పొట్లములు విప్పబడినవి. కంభము రాగానే అందరును కిటికీలకు చేరిరి. గుండ్లకమ్మకును జంపలేరునకును అడ్డముగా, కొండల నడుమ కట్ట వేసి ఆ చెరువును నిర్మింపజేసినది కృష్ణదేవరాయల దేవేరి, గజపతుల యాడపడుచు వరదరాజమ్మ యని ప్రతీతి. దాని ప్రాచీనతను గుర్తించి 2020లో అంతర్జాతీయ సంఘమువారు వారసత్వ కట్టడముల పట్టికలో చేర్చిరి. అత్తవారి దేశమునకు వచ్చిన కోడలు చెరువు త్రవ్వించెనన్న మాట విని మా అత్తగారు నావైపు చూచిరి. నేను కిటికీలోనుండి బయటికి చూచితిని.

గిద్దలూరు, దిగువమెట్ట దాటిన పిదప బండి నల్లమలలో చొచ్చెను. సొరంగము రాగా పిల్లలు కేకలు వేసిరి. పెద్దలలో ఒకరిద్దరు రామనామము జపించిరి. 1880ల దశకమున ఇచ్చట సన్నపట్టాల దారి వేసినప్పుడు లోయమీదుగా దొరబావి వంతెన కట్టిరి. 1990ల దశకమున దారిని వెడల్పు పట్టాలకు మార్చినపుడు ఆ మార్గమును విడిచిరి. బండి యిపుడటు పోదు.

నంద్యాలలో బండి మారితిమి. అచ్చట నుండి బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగుల మీదుగా ఎర్రగుంట్లకు పోవు దారి 2016లో తెరువబడినది. చెట్టు తరుగుచు వచ్చెను. నల్లరేగడి, శనగచేలు, పిదప నాపరాళ్ల గుట్టలు, ఆపైన నేమియు లేని దిన్నెలు. ఇది యెడారి కాదు, వానలు కురియును. కాని కురిసినది నిలువదు. దారిలో నొకచోట ఉగ్గానియు మిరపకాయ బజ్జీలును తింటిమి. రుచి బాగుగనే యుండెను గాని స్త్రీలకు మరుగుదొడ్డి లేదు; ఉన్నదానికి తాళము వేసి యున్నది, తాళపుచెవి యెవరియొద్ద నున్నదో ఎవ్వరికిని తెలియదు. యాత్రలు నడుపువారు గుడులు, గుహలు, కోటలు లెక్కించునపుడు దీనినికూడ లెక్కించినచో మన స్త్రీలు ఇంతకు రెండింతలమంది బయలుదేరుదురు.

జమ్మలమడుగు నుండి గండికోట పదునైదు కిలోమీటర్లు. కోటగోడ కనబడువరకు మన మొక కొండమీదికి వచ్చితిమనియే తెలియదు. మాధవరాయస్వామి గోపురము, పెద్దమసీదు, ధాన్యపుకొట్టు, చెరసాల, పావురాలగూడు, కత్తుల కోనేరు మొదలగునవి చూచుచు రంగనాథస్వామి ఆలయము దాటి వెనుకకు పోయితిమి. అచ్చట భూమి ముగిసెను.

ముగిసెనను మాట అలంకారము కాదు. ఎర్రని బండలు ఇటుకలవలె పొరలుపొరలుగా, వాలుగా, కొన్ని పడిపోవ సిద్ధముగా పేర్చబడి యున్నవి. వాని యంచునుండి చూచిన సుమారు 300 అడుగుల లోతున పెన్న. ఎదుట అట్టిదే మరియొక గోడ. రెండును ఒక్క కొండయేయని, నడుమ నున్నది నీరు కోసిన కోతయని చూచినవెంటనే తెలియును. ఆ బండ నూరుకోట్ల యేండ్లకు పైబడినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒకనాటి సముద్రపుటిసుకయే ఇట్లు గడ్డకట్టినదట. మనవైపు గండి యన్న మాట వినిన గుండె గుభేలుమనును. చెరువునకు గండి పడినచో ఆ యేటి పంట పోయినట్లే. ఇచ్చట నది కొండకే గండి కొట్టినది, ఊరికి ఆ పేరే నిలిచినది. అంచున కంచె లేదు. నేను నా కుమారుని నడుమునకు తువ్వాలు కట్టి కొన చేతబట్టుకొంటిని; వాడు సిగ్గుపడెను గాని నేను విడువలేదు.

మార్గదర్శి చెప్పిన కథలలో నాకు నచ్చినది విగ్రహముల కథ. పెమ్మసానివారి యేలుబడిలో నున్న యీ కోటను 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను. రెండేండ్లకు టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు అతనికి నగలు చూపుటకై ఇచ్చటికి వచ్చి, కన్నది విన్నది వ్రాసిపెట్టెను. మీర్ జుమ్లా గుడులలోని రాగి విగ్రహములను తెప్పించి, ఒక ఫ్రెంచివానిచేత ఫిరంగులు పోతపోయింప నారంభించెనట. తక్కినవి కరిగెను గాని గండికోట గుడి విగ్రహములు మాత్రము ఎంత కట్టె కాల్చినను కరుగలేదట. అర్చకులు మంత్రము వేసిరని అనుమానించిరట.

ఈ కథ ముగిసిన వెంటనే పెద్దమ్మ మార్గదర్శిని, "నాయనా, తాళ్లప్రొద్దుటూరు ఎటువైపు?" అని అడిగెను.

మా వీధిలో నందరును ఆమెను పెద్దమ్మ యనియే పిలుతుము. డెబ్బది యేండ్లు దాటినవి. బండిలో ఆమె మాటలాడలేదు, పులిహోరయు తినలేదు. ఆమె పుట్టినిల్లు తాళ్లప్రొద్దుటూరు. గండికోటకు ఎగువన పెన్నమీద కట్టిన జలాశయము 26.85 టీఎంసీలది. కృష్ణనీరు శ్రీశైలము నుండి అవుకు మీదుగా వచ్చి యిందు చేరును. 2020లో ఆ జలాశయమున నీటిమట్టము పెంచినపుడు ఆ యూరు మునిగెను. అది కరోనా నాళ్లు. బస్సులు లేవు, వృద్ధులు గడప దాటరాదనిరి. అన్నదమ్ముల పిల్లలు పరిహారము తీసికొని ఎవరికి తోచిన చోటికి వారు పోయిరి. పెద్దమ్మకు వార్త తెలియునప్పటికి ఇంటిమీద నీరు నిలిచినది. "నాకు డబ్బు వద్దమ్మా. సామాన్లు తీసేటప్పుడు ఒక్కమాట చెప్పి ఉంటే, మా అమ్మ తిరుగలి రాయి తెచ్చుకొనేదాన్ని," అని ఆ రాత్రి బసలో నాతో ననెను. ఇండ్లకు లెక్క గలదు, చెట్లకు లెక్క గలదు, ఇంటి మగపిల్లలకు లెక్క గలదు. పెండ్లియై పోయిన ఆడపడుచు ఏ పట్టికలోనిది?

మరునాడు బెలుము గుహలు, పిదప యాగంటి, సాయంకాలము నంద్యాలలో బండి. కొండాపురమువైపు పోయి జలాశయము చూచుట యందు లేదు. మార్గదర్శి చెడ్డవాడు కాడు. "అవ్వా, అటు పోతే ఒక చోటు పోగొట్టుకోవాల. ఇంతమంది డబ్బు కట్టినారు, నేనొక్కడిని చెప్పేదానికి లేదు," అనెను. అతడన్నది న్యాయమే. మాలో భిన్నాభిప్రాయములు వచ్చినవి. గుహలు మానలేమని పిల్లలు, దైవదర్శనము మానరాదని పెద్దలు. ఒకామె, "మునిగిపోయినదానిలో చూసేదేముంది?" అని మెల్లగా ననెను. పెద్దమ్మ వినియు విననట్లుండెను. నేను మాటలాడ దలచితిని గాని, యాగంటిని చూపి అత్తగారిని తెచ్చినదానను నేనే, నోరు రాలేదు.

అత్తగారే నోరు విప్పిరి. "బసవన్న ఎక్కడికి పోతాడు? ఏటేటా పెరుగుతూనే ఉన్నాడంటారు గదా. ఇంకోసారి వచ్చేటప్పటికి ఇంకాస్త పెద్దవాడై కనబడతాడు. ముందు ఆమెను తీసుకుపోండి." అంతటితో వాదము ముగిసెను.

ముద్దనూరు మీదుగా కొండాపురము వైపు పోయితిమి. నీరు కనబడగానే పిల్లలు సంతోషించిరి. మాకును ఒక్కక్షణము సంతోషమే కలిగెను. నీటిడబ్బా కొని కుండలో పోసికొను ఊరివారికి అంత నీరు చూచిన సంతోషము గాక మరేమి? అలలు లేవు. గట్టుమీద తుమ్మచెట్లు సగము మునిగి యెండి యుండెను. పెద్దమ్మ చాలసేపు నిలువబడి చూచెను. ఆమె గుర్తుపట్టదగిన దొక్కటియు లేదు. చివరకు దూరపు కొండకొమ్మును బట్టి దిక్కు నిర్ణయించుకొని, "అదిగో, ఆ కొండ మా పెరట్లో నుంచి ఎడమవైపు కనపడేది. ఇల్లు ఆ మధ్యన," అని చేయి చాచెను. పసుపు, కుంకుమ, రవికెగుడ్డ, రెండు అరటిపండ్లు తెచ్చుకొన్నది. బండిలో మేమవి యాగంటికని యనుకొంటిమి. వానిని నీటిలో విడిచెను. ఏడ్వలేదు. మా అత్తగారు ఆమె చేయి పట్టుకొని గట్టెక్కించిరి.

బెలుము గుహలను గూర్చి క్లుప్తముగ చెప్పెదను, ఏలయన క్లుప్తముగనే చూచితిమి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని పేర్కొనెను; ఆ పిమ్మట సుమారు నూరేండ్లకు జర్మనీవారు లోపల ప్రవేశించి కొలిచిరి. పొడవు 3,229 మీటర్లు, అందు సుమారు సగము 2002 నుండి జనులకు తెరచిరి. పైన పొలమే, క్రింద సున్నపురాతిని నీరు తొలిచిన మందిరములు, కోటిలింగములు, వేయిపడగలు. లోపల ఉక్క దుర్భరము, చీరలు తడిసి ముద్దయినవి. పాతాళగంగ యొద్దకు దిగినవారు పిల్లలును మావారును మాత్రమే. ఉబ్బసము గలవారు దిగవలదని నా మనవి.

తిరుగుబండిలో పెద్దమ్మ రెండు గారెలు తినెను. గిద్దలూరు దాటిన పిదప ఆమె వెలిగొండ మాట యెత్తెను. మా పడమటి పల్లెలు ఆ నీటికై ఎదురుచూచుట 1996లో శంకుస్థాపన జరిగిననాటి నుండి. శ్రీశైలము జలాశయమునుండి కొండ క్రిందుగా త్రవ్విన 18.8 కిలోమీటర్ల సొరంగములలో రెండవదియు 2024 జనవరిలో పూర్తియైనది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల యను మూడు గండ్లకు అడ్డుకట్టలు వేసి నల్లమలసాగరమున ఆ నీరు నిలుపవలెనని యేర్పాటు. ఇదియంతయు మావారు ఆమెకు వివరించిరి.

"అక్కడ మునిగే ఊళ్లేవి?" అని ఆమె యడిగెను.

సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ అని నాకు తెలిసినవి చెప్పితిని. ఆమె ఒక్కొక్క పేరే మెల్లగా తిరిగి పలికెను. పిదప, "కలనూతలలో మన శెట్టిగారి కోడలి పుట్టిల్లు ఉంది. పొద్దున్నే చెప్పాలి," అని కొంగు కప్పుకొని పడుకొనెను.