బిలాస్‌పూర్‌లో చర్చి తరపున సేవ: ఎవరికి, ఎలా, ఏ హద్దుల్లో?

నవంబరు నెల వచ్చిందంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీల పరిసరాల్లో వృద్ధులకు ఒక ఆందోళన మొదలవుతుంది. పింఛను పొందే ప్రతివారూ తాము జీవించి ఉన్నట్లు ఏటా ధ్రువపత్రం సమర్పించాలి. ఎనభై ఏళ్లు దాటినవారికి అక్టోబరు 1 నుంచే ఆ వీలు ఉంది. పత్రం అందకపోతే పింఛను నిలిచిపోతుంది. భర్త మరణానంతరం కుటుంబ పింఛనుతో కాలం గడుపుతున్న వృద్ధురాలి వేలిముద్రలు అరిగిపోయి ఉంటే, యంత్రం ఆమెను గుర్తించదు. ఈ ఇబ్బందిని తీర్చడానికే 2021 నవంబరులో ముఖాన్ని చూసి గుర్తించే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టింది. స్మార్ట్‌ఫోన్ ఉంటే ఇంటి నుంచే ఆ పని పూర్తవుతుంది. ఆమెకు ఫోను లేదు, ఉన్నా వాడడం రాదు. అదే వీధిలో ఉండే చర్చి యువజన సంఘ సభ్యుడికి ఫోను ఉంది, అరగంట తీరిక ఉంది.

చర్చి తరపున స్వచ్ఛంద సేవ అనగానే క్రిస్మస్‌కు దుప్పట్లు పంచడం, ఆసుపత్రిలో పండ్లు ఇచ్చి ఫొటో తీసుకోవడం చాలామందికి గుర్తుకొస్తాయి. అవి తప్పు కాదు గానీ, అవసరాలు అక్కడితో ఆగవు. పైగా ఛత్తీస్‌గఢ్‌లో చర్చి పేరుతో గడప తొక్కే వ్యక్తి మరొక ప్రశ్నకు కూడా సిద్ధపడి వెళ్లాలి: ఈ సాయం దేనికోసం? ఆ ప్రశ్న ఈ ప్రాంతంలో ఎందుకు ఇంత బలంగా వినిపిస్తుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రైలుకంటే ముందు వచ్చినవారు

బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు దాని ప్రధాన మార్గం 1891 నాటికి పూర్తయింది. ఆ దారిలో బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలిగా ఎదిగింది. తూర్పు తీరపు రైలు మార్గంలో కటక్ నుంచి వాల్తేరు వరకు ఉన్న భాగం కూడా తర్వాత ఇదే సంస్థ చేతికి వచ్చింది. 1931లో విజయనగరం, రాయ్‌పూర్‌ల మధ్య రాకపోకలు సాధ్యమయ్యాయి. ఉత్తరాంధ్ర కుటుంబాలు రైల్వే కొలువుల వెంట ఇక్కడికి చేరడానికి ఆ సంబంధమే ముఖ్య కారణం. నేటికీ కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్ మీదుగానే సాగుతుంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రమైంది. తాతల కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువారిలో హిందువులతోపాటు క్రైస్తవులూ ఉన్నారు.

అయితే క్రైస్తవ సేవాసంస్థలు రైలుకంటే ముందే ఇక్కడికి వచ్చాయి. అమెరికాలోని ‘డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్’ సంఘానికి చెందిన మేరీ గ్రేబీల్, అడా బాయిడ్ అనే ఇద్దరు మహిళలు 1885లో బిలాస్‌పూర్‌లో పని ప్రారంభించారు. తర్వాత పదేళ్లు గడిచీ గడవకముందే 1896–97లో ఒకటి, 1899–1900లో మరొకటి, రెండు భయంకరమైన కరవులు మధ్య పరగణాలను కుదిపేశాయి. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు మిషన్ అనాథాశ్రమాలకు చేరారు. కుష్ఠు సోకి ఊరి నుంచి వెలివేతకు గురైనవారి కోసం 1897లో చంద్‌ఖురిలోనూ, 1902లో చాంపాలోనూ ఆశ్రమాలు వెలిశాయి. ఆ రెండు చోట్లా నేటికీ ఆసుపత్రులు నడుస్తున్నాయి.

అప్పట్లో బిలాస్‌పూర్ జిల్లాలో భాగంగా ఉన్న ముంగేలీకి 1920లలో డాక్టర్ విక్టర్ రాంబో వచ్చారు. కంటిశుక్లాల శస్త్రచికిత్సలో ఆయనకు గొప్ప పేరు వచ్చింది. చూపులేనివారు ఆసుపత్రికి రాలేరు కాబట్టి ఆసుపత్రే పల్లెకు వెళ్లాలని ఆయన తన బృందంతో కంటి శిబిరాలు నిర్వహించారు. శస్త్రచికిత్స వైద్యుడు చేస్తాడు. కానీ రోగిని తీసుకురావడం, కట్టు కట్టాక కదలకుండా చూడడం, అన్నం పెట్టడం, తిరిగి ఇంటికి చేర్చడం చదువుతో నిమిత్తంలేని పనులు. శిబిరం నడవాలంటే ఆ చేతులే ఎక్కువ కావాలి.

సాయానికి వెల ఉందా?

ఈ సేవల వెనుక మతమార్పిడి ఉద్దేశం ఉందా అన్న విమర్శ కూడా అంతే పాతది. 1954లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఎం. భవానీశంకర్ నియోగి అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని నియమించింది. పాఠశాలలు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలను మతమార్పిడికి సాధనాలుగా వాడుతున్నారని ఆ సంఘం 1956లో నివేదించింది. చర్చిలు ఆ నిర్ధారణలను తీవ్రంగా ఖండించాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. సరిగ్గా ఆ కాలంలోనే చర్చిలోపల కూడా దీని మీద వాదం నడిచింది. బిలాస్‌పూర్‌కు సమీపంలోని తఖత్‌పూర్ ప్రాంతంలో పనిచేసిన డొనాల్డ్ మెక్‌గావ్రన్, బడులు, ఆసుపత్రుల చుట్టూ తిరగడం వల్ల చర్చి విస్తరించడం లేదని 1955లో వెలువడిన తన పుస్తకంలో వాదించారు. అంటే ఒకే సేవను బయటివారు మార్పిడి సాధనమని అనుమానిస్తుంటే, లోపలివారిలో ఒకరు అది మార్పిడికి పనికిరావడం లేదని ఆక్షేపించారు. వైద్యం పొందిన రోగి ఏమనుకున్నాడో ఈ రెండు వాదాల్లోనూ పెద్దగా వినిపించదు.

1968లో మధ్యప్రదేశ్ ధర్మ స్వాతంత్ర్య చట్టం వచ్చింది. బలవంతం, మోసం, ప్రలోభం ద్వారా మతం మార్చడాన్ని అది నేరంగా ప్రకటించింది. నగదు, వస్తువు, ఇతర ప్రయోజనాలను ఆశగా చూపడం ప్రలోభం కిందకు వస్తుంది. మతమార్పిడి సమాచారం అధికారులకు ఇవ్వనందుకు రాయ్‌పూర్‌కు చెందిన రెవరెండ్ స్టానిస్లాస్‌పై కేసు నమోదైంది. ఆ వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 1977 జనవరిలో చట్టాన్ని సమర్థించింది. మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇతరులను మార్చే హక్కు ఇమిడి లేదని స్పష్టంచేసింది. 2000లో కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ చట్టం ఛత్తీస్‌గఢ్‌కు సంక్రమించింది.

ఇది పాత కథ కాదు. 2025 జూలై 25న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో కేరళకు చెందిన ఇద్దరు సన్యాసినులనూ, ఒక స్థానిక యువకుడినీ మానవ అక్రమ రవాణా, మతమార్పిడి ఆరోపణలపై అరెస్టు చేశారు. వారి వెంట ముగ్గురు యువతులు ఉన్నారు. తమ పిల్లలు ఉద్యోగాల కోసం ఇష్టపూర్వకంగానే వెళ్తున్నారని కుటుంబాలు చెప్పాయి. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం ముగ్గురికీ బెయిల్ ఇచ్చింది. చర్చి తరపున సేవ చేయాలనుకునే సాధారణ కుటుంబాలకు ఆ సంఘటన భయం కలిగించింది.

ఆకలిగా ఉన్నవారికి అన్నం పెట్టడం ఏ చట్టం కిందా నేరం కాదు. ఆ అన్నానికి షరతు జోడించినప్పుడే సమస్య. కాబట్టి సాయం అందించే సందర్భాన్ని, ప్రార్థన సమావేశాన్ని వేర్వేరుగా ఉంచడం చట్టరీత్యా జాగ్రత్త మాత్రమే కాదు, సాయం పొందేవారి పట్ల మర్యాద కూడా. బియ్యం సంచి అందుకుంటున్న మనిషి ‘వద్దు’ అనగలిగే స్థితిలో ఉండడు. ఆ క్షణంలో కరపత్రం చేతిలో పెట్టడం న్యాయం కాదు.

ఇద్దరుగా వెళ్లాలి

ఈ విషయంలో కథోలికుల పునీత విన్సెంట్ డి పాల్ సభ పద్ధతి గమనించదగినది. పారిస్‌లో 1833లో ఫ్రెడరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ల విద్యార్థి, మరికొందరు కలిసి దీన్ని ప్రారంభించారు. భారతదేశానికి 1863లో వచ్చింది. సభ్యులు పేదల ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్తారు, ఒంటరిగా వెళ్లరు. ఎవరికి ఏమి ఇచ్చారో బయట చెప్పరు. అవసరంలో ఉన్నవారి మతం చూడరు. సమావేశంలో సభ్యుల మధ్య సంచి తిప్పి, ఎవరు ఎంత వేశారో తెలియకుండా కానుక పోగుచేస్తారు.

ప్రొటెస్టెంటు సంఘాల్లో ఈ పని ఎక్కువగా మహిళా సమాజాలు, యువజన సంఘాల మీద నడుస్తుంది. డిసైపుల్స్ సంఘం 1970లో నాగపూర్‌లో ఏర్పడిన ఉత్తర భారత సంఘంలో విలీనమైంది. విదేశీ నిధులు స్వీకరించాలంటే 2010 నాటి చట్టం కింద నమోదు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తప్పనిసరి. అందువల్ల చిన్న సంఘాలకు మిగిలింది సొంత సభ్యుల పిడికెడు బియ్యం, విశ్రాంత ఉద్యోగుల తీరిక. నా దృష్టిలో ఇది నష్టమేమీ కాదు. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే బుధవారీ బజారులో కూరగాయలు కొనేవారైతే అనుమానానికి చోటు తగ్గుతుంది.

స్టేషన్‌లో, ఆసుపత్రిలో

మంచి మనసుతోనే పొరపాటు జరిగే చోటు స్టేషన్. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా ఉన్న పిల్లవాడు కనిపిస్తే జాలిపడి ఇంటికో, చర్చికో తీసుకువెళ్లకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లోగా సమాచారం ఇచ్చి తీరాలి, ఇవ్వకపోవడం నేరం. 1098కి గాని, రైల్వే నంబరు 139కి గాని ఫోన్ చేయాలి, లేదా రైల్వే రక్షక దళానికి చెప్పాలి. పిల్లవాడు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది బాలల సంక్షేమ కమిటీ. అప్పటిదాకా అక్కడే పక్కన కూర్చుని మంచినీళ్లు ఇవ్వడం స్వచ్ఛంద సేవకుడి పని. ప్రయాణికులకు భోజనం పంచాలన్నా ముందు స్టేషన్ అధికారి అనుమతి తీసుకోవాలి.

కుష్ఠు విషయంలో ప్రజల భయం వైద్యం కంటే వెనుకబడి ఉంది. మందులు ఉచితం, చికిత్స ఆరు నెలలు లేదా ఏడాది. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకు సోకే అవకాశం పోతుంది. దేశస్థాయిలో 2005లోనే నిర్మూలన లక్ష్యం చేరినట్లు ప్రకటించినా, ఛత్తీస్‌గఢ్‌లో కేసుల నిష్పత్తి ఆ తర్వాత కూడా ఎక్కువగానే కొనసాగింది. వ్యాధి నయమైనా పాదాల్లో స్పర్శ తిరిగిరాకపోవచ్చు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడుతుంది. వారానికోసారి ఇంటికి వెళ్లి పాదాలు చూడడం, నీటిలో నానబెట్టి నూనె రాయించడం, మెత్తని అట్ట ఉన్న ఎంసీఆర్ చెప్పులు అరిగాయేమో గమనించడం ఎవరైనా నేర్చుకోగలరు. ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని చూడడం వల్ల ఆ వీధిలో భయం ఎంత తగ్గుతుందో ఉపన్యాసాల వల్ల తగ్గదు.

ఇక రక్తం. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులు ఎక్కువ. వారిలో కొందరికి మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించాల్సి వస్తుంది. చర్చి హాల్లో ఏడాదికొక శిబిరం పెట్టి వంద సంచులు ఒకేరోజు సేకరించడంకంటే, దాతల జాబితా తయారుచేసి నెలనెలా కొందరిని పంపడం మేలు. ఎర్రకణాలు ఆరు వారాలకు మించి నిల్వ ఉండవు. దాతకు 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు ఉండాలి. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. జాబితాలో పేరు, రక్తవర్గం, గతంలో ఇచ్చిన తేదీ ఉంటే చాలు. మతం కోసం గడి అక్కరలేదు.