బిల్వస్వర్గపు అస్థికలు

కర్నూలు, కడప సీమలనగానే నాపబండలు జ్ఞప్తికి వస్తాయి. ఆ బండలతోనే మిద్దెలు కప్పుకొన్న పల్లెల నడుమ, నేటి నంద్యాల జిల్లా బేతంచెర్ల సమీపంలో, బిల్వస్వర్గం గుహలున్నాయి. సున్నపురాతిని వాననీరు యుగాల తరబడి కరిగించగా ఏర్పడిన బిలాలివి.

1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహలలోని ఎముకలను గురించి ప్రకటించాడు. నలభై ఏండ్ల తరువాత భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ త్రవ్వకాలు జరిపారు. ఒక గుహకు 'అస్థిశాల' అనే అర్థమిచ్చే ఆంగ్లనామం స్థిరపడింది. స్థానికులకు స్వర్గమైనది దొరలకు అస్థిశాల కావడం వింతయే! దొరికిన ఎముకలలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. వాటిని పరిశీలించిన లిడెక్కర్ 1886లో ఆ మృగానికి 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్' అని కర్నూలు పేరే పెట్టాడు.

ఉత్తర అమెరికాలో మామత్‌ ఏనుగులు, ఏనుగంతటి నేలస్లోత్‌లు, ఆస్ట్రేలియాలో డైప్రోటోడాన్ అనే బృహత్కాయం గల మృగం పూర్తిగా నశించాయి. శీతోష్ణస్థితి మారడమే కారణమని కొందరు, మానవుని వేటయే కారణమని కొందరు వాదిస్తున్నారు. భారతదేశంలోనూ నీటిగుర్రం, నిటారు దంతాల మహాగజం అంతరించాయి. అయితే బిల్వస్వర్గం చెప్పే కథ వేరు. 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం ఇక్కడ గుర్తించిన 21 క్షీరద వర్గాలలో 20 కనీసం లక్ష సంవత్సరాలుగా ఈ ఉపఖండంలో కొనసాగుతూనే ఉన్నాయి. లోపించిన ఆ ఒక్కటి జెలాడా కోతుల వంశానికి చెందినది. ఆ కోతులు నేడు ఇథియోపియా పర్వతాలలో మాత్రమే కనిపిస్తాయి.

కరవు వచ్చినా, వానలు తగ్గినా, ఒకచోట మేత కరవైతే మరొకచోటికి తరలిపోయే వీలు మన నేలలో ఉండేది. అడవి, గడ్డిమైదానం, నదీతీరం దగ్గర దగ్గరగా అల్లుకొని ఉండడమే ఆ జంతువులకు రక్ష. కాని ఉపఖండంలో మిగలడం వేరు, పుట్టినచోట మిగలడం వేరు. ఖడ్గమృగాన్ని సహజారణ్యంలో చూడగోరే కర్నూలువాసి నేడు అస్సాంలోని కాజీరంగ వంటి దూరపు వనాలకు పోవలసినదే.

ఎముక వయస్సు చాలాసార్లు అది దొరికిన మట్టిపొరను బట్టి నిర్ణయమవుతుంది. ఫుట్ కాలంలో పొరలకు సంవత్సరాల లెక్కన కాలం కట్టే పద్ధతులు లేవు. అందుచేతనే తరువాతివారు మిగిలిన పొరలను మళ్ళీ పరిశీలించవలసి వచ్చింది. పొర చెదిరితే ఎముక మిగిలినా దాని కాలం తేల్చడం కష్టమవుతుంది.