ఎవరినీ అడగక్కర్లేని రక్షణ

కండోమ్ వాడితే హెచ్‌ఐవీ సోకదని మూడు దశాబ్దాలకు పైగా గోడల మీదా, బస్సుల మీదా రాస్తూనే ఉన్నాం. మాట చాలావరకు నిజమే. కానీ దాన్ని తొడుక్కోవాల్సింది మగవాడు. అతను కాదంటే ఆమె చేయగలిగేది చాలా తక్కువ. అడిగిందంటే "నన్నే అనుమానిస్తున్నావా?" అంటాడు, లేదా ఆమెనే అనుమానిస్తాడు. పుణెలో సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చిన, సెక్స్ వర్కర్లు కాని 391 మంది స్త్రీలను పరిశీలించి 1997లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ సంగతిని లెక్కల్లో చూపించింది. వారిలో 13.6 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. ఎక్కువమంది భర్త తప్ప మరో మగవాణ్ణి ఎరగనివారు.

భర్తనో, ప్రియుణ్ణో ఒప్పించే పని లేకుండా స్త్రీ తనంతట తాను వాడుకోగల రక్షణ ఏదైనా ఉంటుందా? వైద్య పరిశోధన ఈ ప్రశ్న వెంట ముప్ఫై ఏళ్ళు నడిచింది. ఆ నడకలో పెద్ద భాగం దక్షిణాఫ్రికాలో, ముఖ్యంగా క్వాజులు-నేటాల్ రాష్ట్రంలో సాగింది. 1860 నుంచి చెరకు తోటల్లో కూలిపనికి మన తెలుగువాళ్ళు ఓడలెక్కి వెళ్ళిన నేటాల్ అదే. అక్కడే పుట్టిన భారత సంతతి శాస్త్రవేత్త కురైషా అబ్దుల్ కరీం 1990ల మొదట్లో గ్రామాల్లో రక్తపరీక్షలు చేసి చూస్తే మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో హెచ్‌ఐవీ ఎక్కువగా కనిపించింది. అదీ బాగా చిన్న వయసులోనే.

శరీర నిర్మాణం కొంత కారణం. యోని లోపలి పొర వైశాల్యం ఎక్కువ, వీర్యం అక్కడ చాలాసేపు నిలిచి ఉంటుంది. టీనేజీ అమ్మాయిల్లో గర్భాశయ ముఖద్వారం దగ్గర పలుచని, సున్నితమైన కణాలు బయటివైపుకు ఉంటాయి. అయితే శరీరం ఒక్కటే కారణమైతే ప్రపంచమంతా ఒకేలా ఉండాలి కదా. క్వాజులు-నేటాల్‌లో వైరస్ జన్యుక్రమాలను పోల్చి, ఎవరి నుంచి ఎవరికి పాకి ఉంటుందో 2017లో గుర్తించారు. పాతికేళ్ళలోపు యువతులకు సోకింది తమ ఈడు కుర్రాళ్ళ నుంచి కాదు, సగటున 8.7 ఏళ్ళు పెద్దవాళ్ళయిన మగవాళ్ళ నుంచి. వయసులో, డబ్బులో, మాట చెల్లుబాటులో తనకంటే పైనున్న మనిషిని కండోమ్ వాడమని పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎలా గట్టిగా అడగగలదు?

తొలి ప్రయత్నాలు నిరాశపరచడమే కాదు, కొన్ని హాని కూడా చేశాయి. నోనాక్సినాల్-9 అనే జెల్ వీర్యకణాలను చంపుతుంది, పరీక్షనాళికలో హెచ్‌ఐవీనీ చంపింది. ఆఫ్రికాలోనూ, థాయ్‌లాండ్‌లోనూ సెక్స్ వర్కర్ల మీద దాన్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. తరచుగా వాడినవాళ్ళలో హెచ్‌ఐవీ సోకడం తగ్గకపోగా పెరిగింది. జెల్ యోని పొరను దెబ్బతీసి, పుండ్లు పుట్టించి వైరస్‌కు తానే దారి తెరిచింది.

2010 జులైలో వియన్నా సదస్సులో తొలి ఆశ కనిపించింది. కురైషా, ఆమె భర్త సలీం అబ్దుల్ కరీం నడిపే కాప్రిసా సంస్థ టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవీ మందును జెల్‌గా చేసి 889 మంది స్త్రీల మీద పరీక్షించింది. కలయికకు ముందొకసారి, తర్వాత ఒకసారి వాడాలి. మందు లేని జెల్ వాడినవారిలో 60 మందికి హెచ్‌ఐవీ సోకితే, మందున్న జెల్ వాడినవారిలో 38 మందికి సోకింది. అంటే ముప్పు 39 శాతం తగ్గింది. సదస్సులో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత రెండు వేల మందికి పైగా స్త్రీలతో ఇదే జెల్‌ను మళ్ళీ పరీక్షిస్తే 2015లో తేలిన ఫలితం సున్నా. రెండు గుంపుల్లోనూ సమానంగా సోకింది.

ఈ మధ్యలో వాయిస్ అనే మరో పెద్ద పరీక్ష జరిగింది. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలకు చెందిన 5,029 మంది స్త్రీలకు రోజుకొక మాత్రగానీ, జెల్‌గానీ ఇచ్చారు. ఏదీ పనిచేయలేదు. క్రమం తప్పకుండా వాడుతున్నారా అని అడిగితే స్త్రీలు చెప్పిన లెక్క 90 శాతం. కానీ రక్తం పరీక్షిస్తే మందు ఆనవాలు మూడోవంతు మందిలో కూడా లేదు.

ఆ స్త్రీలు అబద్ధాలాడారని కొందరు అనేసి ఊరుకున్నారు. అలా అనడం తేలిక. పరిశోధకుల్లో కొందరు మాత్రం ఆ స్త్రీల దగ్గరకే తిరిగి వెళ్ళి, రక్తపరీక్ష ఫలితాలను వాళ్ళ ముందే పెట్టి, నింద వేయకుండా మాట్లాడించారు. అప్పుడు అసలు కథలు బయటికొచ్చాయి. ఆ మాత్రలు ఎయిడ్స్ రోగులు వాడేవి. ఇంట్లో ఎవరైనా చూస్తే ఈమెకు జబ్బుందనుకుంటారు. సీసా కదిపితే చప్పుడవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజూ మందెందుకు మింగాలని తల్లి అడుగుతుంది, భర్త అడుగుతాడు. మరి పరీక్షలో ఎందుకు కొనసాగారు? క్లినిక్కులో మంచి వైద్యం, ఉచిత పరీక్షలు, మర్యాదగా మాట్లాడే నర్సులు దొరికారు కాబట్టి. నిజం చెబితే అవి పోతాయని భయపడ్డారు. నా దృష్టిలో వాయిస్ విఫలమైన పరీక్ష కాదు. అణువును ఎంత బాగా తయారుచేసినా అది ఏ ఇంట్లో, ఏ అలమరలో దాగాలో ఆలోచించకపోతే పనికిరాదని ఇంత స్పష్టంగా చెప్పిన పరిశోధన మరొకటి లేదు.

అయితే శ్రద్ధగా వాడినవాళ్ళలో కూడా జెల్ కొందరికే ఎందుకు పనిచేసింది? దానికి జవాబు సూక్ష్మజీవుల్లో దొరికింది. ఆరోగ్యవంతమైన యోనిలో ఎక్కువగా ఉండేవి లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా, మన పెరుగులో ఉండే వాటి దగ్గరి చుట్టాలే. ఇవి ఆమ్లం తయారుచేసి రోగకారక క్రిములను దూరంగా ఉంచుతాయి. కొందరిలో వీటి స్థానాన్ని గార్డ్‌నెరెల్లా వంటివి ఆక్రమిస్తాయి. బూడిదరంగు తెల్లబట్ట, చేపవాసన ఈ మార్పుకు లక్షణాలు. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. కాప్రిసా పరీక్షలోని స్త్రీల నమూనాలను మళ్ళీ పరిశీలించి 2017లో వెల్లడించిన సంగతి ఇది: లాక్టోబాసిల్లస్ ఎక్కువున్న స్త్రీలలో జెల్ ముప్పును 61 శాతం తగ్గించింది, లేనివారిలో 18 శాతమే. గార్డ్‌నెరెల్లా ఆ మందును కణాల్లోకి చేరకముందే విరిచేస్తోంది. కొన్ని ఇతర బ్యాక్టీరియా వల్ల యోనిలో వాపు పెరిగి, వైరస్ వెతుక్కునే రోగనిరోధక కణాలు అక్కడికి గుంపుగా చేరతాయి. మాత్రలకు ఈ బెడద ఉన్నట్టు కనిపించలేదు. యోని లోపల సబ్బు, డెట్టాల్ వంటివాటితో కడుక్కుంటే శుభ్రమనుకుంటారు కొందరు. దానివల్ల పోయేది ఈ మంచి బ్యాక్టీరియాయే.

నెలకొకసారి మార్చుకునే డాపివిరిన్ ఉంగరం కూడా వచ్చింది. యోనిలో పెట్టుకుంటే మందును కొద్దికొద్దిగా వదులుతుంది. 2016లో రెండు పరీక్షల్లో ముప్పును 27, 31 శాతం తగ్గించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది.

మరో ప్రశ్న కూడా తేలాల్సి వచ్చింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో 'అంతర' పేరుతో ఇచ్చే మూడు నెలల గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల హెచ్‌ఐవీ ముప్పు పెరుగుతుందా అనే అనుమానం ఏళ్ళ తరబడి ఉండేది. నాలుగు ఆఫ్రికా దేశాల్లో 7,829 మందిని పరిశీలించిన ఎకో పరీక్ష 2019లో దాన్ని చాలావరకు తీర్చింది. ఇంజెక్షన్, కాపర్-టీ, చేతిలో పెట్టే ఇంప్లాంట్, మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ ఆ పరీక్ష జరిగిన కాలంలోనే 397 మందికి హెచ్‌ఐవీ సోకింది. కేవలం కుటుంబ నియంత్రణ కోసం వచ్చిన స్త్రీలు వీళ్ళు.

మరి హెచ్‌ఐవీని ఆపే మందే ఇంజెక్షన్‌గా దొరికితే? ఇంజెక్షన్ ఎవరి కంటికీ కనిపించదు. అలమరలో దాచే సీసా లేదు, రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు. వాయిస్ స్త్రీలు పరోక్షంగా అడిగింది అదే. హెచ్‌ఐవీ తన జన్యుపదార్థాన్ని ఒక ప్రొటీన్ కవచంలో దాచుకుని కణంలోకి వస్తుంది. లెనకాపవిర్ అనే మందు ఆ కవచానికి అతుక్కుని, కణకేంద్రకంలోకి వెళ్ళకుండా, కొత్త వైరస్‌లు సరిగ్గా తయారవకుండా అడ్డుపడుతుంది. పొట్ట చర్మం కింద సూదితో ఇస్తే అక్కడే నిల్వ ఉండి ఆరు నెలలపాటు నెమ్మదిగా కరుగుతుంది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16 నుంచి 25 ఏళ్ళ అమ్మాయిలు ఐదు వేల మందికి పైగా దీని పరీక్షలో పాల్గొన్నారు. కేప్‌టౌన్ వైద్యురాలు లిండా-గెయిల్ బెకర్ 2024 జులైలో మ్యూనిక్‌లో ఫలితాలు చదివారు. రోజూ మాత్ర వేసుకునే ఒక గుంపులో 1,068 మందిలో 16 మందికి, మరో గుంపులో 2,136 మందిలో 39 మందికి హెచ్‌ఐవీ సోకింది. ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ సోకలేదు. మాత్రల్లో లోపం లేదు. వాటిని క్రమంగా వేసుకున్నవాళ్ళు తక్కువ. ఇంజెక్షన్‌కు మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి పైగా సమయానికి తిరిగొచ్చారు.

దీనికి హద్దులున్నాయి. గర్భాన్ని ఆపదు, సిఫిలిస్, గనేరియాలను ఆపదు. ఇచ్చే ముందు ప్రతిసారీ హెచ్‌ఐవీ లేదని పరీక్షించి తీరాలి. అన్నిటికంటే పెద్ద అడ్డు ధర. అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్ల పైచిలుకు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో సంస్థలు 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే, అంటే దాదాపు మూడున్నర వేల రూపాయలకే, పేద దేశాలకు అందించే ఒప్పందాలు ప్రకటించాయి. అదే ఏడాది మొదట్లో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో దక్షిణాఫ్రికాలో కొత్త యోని ఉంగరాన్ని పరీక్షిస్తున్న బృందాలకు సైతం పని ఆపమని ఆదేశాలందాయి. ధర దిగినా క్లినిక్కు మూతపడితే ఆ సూది ఎవరు వేస్తారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి ఇప్పటికీ జాతీయ సగటు కంటే ఎక్కువే. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. 1097కు ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది. పరీక్ష ఆడవాళ్ళు గర్భం దాల్చినప్పుడు మాత్రమే చేయించుకునేది కాదు. ఈ వ్యాసం చదువుతున్న మగవాళ్ళారా, ముందుగా మీరు పరీక్ష చేయించుకోండి, ఆ ఫలితాన్ని మీ భార్యకు చూపించండి.