ఎయిర్‌బ్యాగుకు పట్టిన చెమ్మ

2014 సెప్టెంబరులో అమెరికాలోని ఓర్లాండోలో ఒక కారు ప్రమాదం జరిగింది. స్టీరింగు ముందున్న మహిళ మెడ మీద లోతైన గాట్లు చూసి, ఎవరో కత్తితో పొడిచారేమోనని పోలీసులు అనుమానించారు. తీరా తేలిందేమిటంటే, ఆమెను కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగులోని లోహపు డబ్బా పగిలి, ఆ ముక్కలే మెడలో దిగాయి. ఆ డబ్బా పేరు ఇన్‌ఫ్లేటర్. దాన్ని చేసింది జపాన్ కంపెనీ టకాటా.

ఎయిర్‌బ్యాగుకు 1953లోనే పేటెంటు వచ్చింది. పెన్సిల్వేనియాకు చెందిన జాన్ హెట్రిక్ కుటుంబంతో వెళ్తుండగా కారు గుంటలోకి దిగింది. కూతురు ముందుకు పడకుండా భార్యాభర్తలిద్దరూ చప్పున చేతులు అడ్డం పెట్టారు. ఆ చేతుల పని ఒక సంచి చేయలేదా అని ఆయన ఆలోచించాడు. జర్మనీలో వాల్టర్ లిండరర్‌కూ దాదాపు అప్పుడే ఈ ఆలోచన వచ్చింది. ఇద్దరూ నమ్ముకున్నది బిగించిన గాలిని. అది చాలదు. కారు గుద్దుకున్నాక తల స్టీరింగును తాకేలోపు, అంటే సుమారు 30 మిల్లీసెకన్లలో, సంచి నిండాలి. అందుకే గాలి సిలిండరు పోయి మందుగుండు వచ్చింది. సోడియం అజైడ్ బిళ్లలు మండితే నైట్రోజన్ పుట్టి సంచిని నింపుతుంది. కాకపోతే అజైడ్ విషం. 1990లలో కంపెనీలు వేరే మందు వెతుక్కున్నాయి.

టకాటా 1933లో బట్టల నేతతో మొదలై, సీటు బెల్టుల మీదుగా ఎయిర్‌బ్యాగులకు వచ్చింది. అజైడ్ బదులు మొదట టెట్రజోల్ వాడింది. అది ఖరీదు. 2000 ప్రాంతంలో చవకైన అమ్మోనియం నైట్రేట్‌కు మారింది. గనుల్లో బండలు పేల్చేందుకు వాడేదీ ఇదే. మన విశాఖ రేవులో ఓడల నుంచి దిగే సరుకు.

దీని గుణం తెలియనిదేమీ కాదు. వానాకాలంలో ఉప్పు జాడీలా చెమ్మ పీల్చుకుంటుంది. 32 డిగ్రీల దగ్గర స్ఫటికాల అమరిక మారి ఉబ్బుతుంది, చల్లారితే మళ్లీ కుంచించుకుపోతుంది. ఈ మార్పును ఆపే రసాయనం కలిపామని టకాటా ధీమా. అయినా ఏళ్ల తరబడి పగటి ఎండ, రాత్రి చల్లదనం, వీటికి తోడు చెమ్మ కలిసి బిళ్లను లోలోపల గుల్ల చేశాయి. గట్టి బిళ్ల పైనుంచి పొరపొరగా కాలుతుంది. గుల్లబారిన బిళ్లలో మంట రంధ్రాల్లోకి దూరి మొత్తం ఒక్కసారే రగులుతుంది. ఆ ఒత్తిడికి డబ్బా ఆగదు. కొత్త కారులో ఇదే పరికరం చక్కగా పనిచేస్తుంది. పాతబడే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఫ్లోరిడా, టెక్సాస్, మలేసియా లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఎక్కువ ప్రాణాలు పోవడానికి కారణమిదే. చెమ్మను పీల్చే పదార్థం లేకుండా చేసిన ఇన్‌ఫ్లేటర్లు మరీ అధ్వానం.

ఈ ఇన్‌ఫ్లేటర్ల కారణంగా 2008లో హోండా సుమారు 4,000 కార్లను వెనక్కి పిలిచింది (రీకాల్). ఫ్యాక్టరీలో జరిగిన ఏదో చిన్న పొరపాటు అనుకున్నారు. తర్వాత ఈ రీకాల్ పెరుగుతూ పోయి, ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లకు చేరింది. మన దేశంలోనూ హోండా, టయోటా కార్లను వెనక్కి పిలిచారు. టకాటా రసాయనం ఎంచుకోవడంలో పొరబడిందంటే ఏదో ఒకలా సరిపెట్టుకోవచ్చు. పరీక్షల ఫలితాలను మార్చి కార్ల కంపెనీలకు ఇవ్వడం మాత్రం మోసమే. 2017లో టకాటా నేరం ఒప్పుకుని 100 కోట్ల డాలర్లు కట్టేందుకు అంగీకరించింది. అదే ఏడాది దివాలా తీసింది.

కంపెనీ పోయినా, మార్చని డబ్బాలతో పాత కార్లు ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజను చూస్తారు, టైర్లు చూస్తారు. ఛాసిస్ నంబరు తీసుకెళ్లి ఆ కారు కంపెనీ షోరూములో ఎయిర్‌బ్యాగు మార్చారో లేదో కూడా అడగండి. రీకాల్ కింద మార్చే ఇన్‌ఫ్లేటరుకు డబ్బు తీసుకోరు.