సముద్రంలో చమురు తెట్టు, మన పత్తి దూది

ఆదోని యార్డు ఎక్కడ, సముద్రం ఎక్కడ, ఓడల సంగతి మనకెందుకు అంటారేమో. కొంచెం ఓపిక పట్టండి, పత్తి దగ్గరికే వస్తాం.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై దగ్గర ఎన్నూరు కామరాజర్ పోర్టు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒకటి పోర్టు నుంచి బయటికి పోతున్న గ్యాసు ఓడ బీడబ్ల్యూ మేపుల్. రెండోది పెట్రోలియం సరుకుతో లోపలికి వస్తున్న డాన్ కాంచీపురం. ఈ రెండో ఓడ నుంచి నల్లటి చిక్కటి చమురు కారింది. మొదట కొద్దిగానే అన్నారు, తర్వాత దాదాపు 200 టన్నులని తేలింది. ఒడ్డున రాళ్ల సందుల్లో తారులా పేరుకున్నదాన్ని వేలమంది బకెట్లతో ఎత్తిపోశారు. మిషన్లు లేవా అని అందరూ అడిగారు. ఉన్నాయి. కానీ అవి బాగా పనిచేయాలంటే తెట్టు ఒడ్డుకు తగలకముందే నీళ్ల మీదనే పట్టుకోవాలి.

అదెట్లాగంటే, చిన్నప్పుడు చెరువులో ఇద్దరు చెరోవైపు చీర పట్టుకుని చేపపిల్లలను పట్టేవాళ్లం కదా, అట్లాగే. బూమ్ అనే తేలే కంచెను రెండు పడవలు చెరో కొస పట్టి లాగుతాయి. తెట్టు మధ్యలో పోగవుతుంది. అక్కడ ఇంకో పడవ స్కిమ్మర్‌తో, పాల మీద మీగడ తీసినట్టు, నూనెను తీస్తుంది. పడవలు గంటకు కిలోమీటరు చిల్లర కంటే వేగంగా పోయాయా, నూనె కంచె కిందినుంచి జారిపోతుంది. పడవలో ఉన్నవాడికి తెట్టు ఎక్కడ మందంగా ఉందో కనపడదు, పైన విమానం నుంచి చూసి చెప్పాలి. తీసిన నూనెలో నీళ్లు కలిసి మూడు నాలుగింతలవుతుంది. దాన్ని పోసుకునే ట్యాంకులు నిండితే అన్ని పడవలూ ఆగాల్సిందే. కాటా దగ్గర జాప్యమైతే యార్డు బయట బండ్లు నిలిచిపోయినట్టే.

ఇందరిని నడిపించే పెద్దరికం మన దేశంలో కోస్ట్‌గార్డుది. 1996 నుంచి అమల్లో ఉన్న జాతీయ ప్రణాళిక ప్రకారం 700 టన్నుల లోపు అయితే ముందు పోర్టువాళ్లే తమ సామగ్రితో దిగాలి. 2010లో అమెరికా పక్కన మెక్సికో గల్ఫ్‌లో చమురు బావి పేలినప్పుడు చేపలు పట్టేవాళ్ల పడవలను సైతం కిరాయికి తీసుకుని బూమ్‌లు లాగించారు.

మిషన్లు తీయగా మిగిలిన పలచటి పొరను పీల్చే సరుకుతో అద్దాలి. ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పీచు. ఇక్కడే పత్తి మాట వస్తుంది. దూది పోగు మీద సహజంగా మైనం పూత ఉంటుంది. అది నీటిని తోసేసి నూనెను పట్టుకుంటుంది. ఆసుపత్రి దూదిలో ఈ మైనం తీసేస్తారు. నమ్మకం లేకపోతే ఒక గ్లాసు నీళ్లలో జిన్నింగు మిల్లు దూది, మందుల షాపు దూది వేసి చూడండి. రెండోది మునుగుతుంది, మొదటిది తేలుతుంది.

అమెరికాలో టెక్సాస్ టెక్ యూనివర్సిటీవాళ్లు 2013లో చెప్పిందేమంటే, కిలో పచ్చి దూది 30 కిలోలకు పైగా ముడిచమురు పీలుస్తుందట. అందులోనూ పక్వానికి రాని, మైక్రోనేర్ తక్కువున్న దూదే ఎక్కువ పడుతుందట. మిల్లులవాళ్లు వద్దనేది సరిగ్గా ఆ దూదినే. దాంతో నూలులో ముళ్లు పడతాయి, రంగు సమంగా పట్టదు. గులాబీ పురుగు తిన్న ఆఖరి తీత పత్తిని ఆదోనికి, ఎమ్మిగనూరుకు తెచ్చి రేటు కోత పెట్టించుకున్నవాళ్లకు ఆ బాధ తెలుసు.

ఇది చదివి రేటు వస్తుందని పత్తి దాచిపెట్టుకోకండి. ఎక్కడో తెట్టు పడినప్పుడే ఆ సరుకు కావాలి, పైగా చవకైన ప్లాస్టిక్ పీచుతో పోటీ. జిన్నింగు మిల్లులు, చేనేత సంఘాలు కలిసి చాపలుగా తయారుచేసి పోర్టులకు చూపిస్తే దారి తెరుచుకోవచ్చునని నా అభిప్రాయం.

ఈలోగా చేలో ఒక పని చేయొచ్చు. బావిలోనో, పశువుల తొట్టిలోనో డీజిలు పడితే పచ్చి దూదిని పాత వలలో మూటగట్టి నీళ్ల మీద తిప్పండి. పైపొర చాలావరకు పోతుంది, వాసన మాత్రం ఉంటుంది, ఆ నీళ్లు పశువులకు పెట్టొద్దు. నూనె పీల్చిన దూదిని షెడ్డులో కుప్ప వేయకండి. బీడీ నిప్పురవ్వ చాలు.