రొమ్ము క్యాన్సర్ తర్వాత మాత్రలా, మరో ఆపరేషనా? ముందు పాత చీటీ చూడాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఓపీలో డాక్టర్ అడిగే చిన్న ప్రశ్న ఒకటుంది: "నెలసరి వస్తోందా అమ్మా?" పటేల్‌గూడలో కిరాయికి ఉంటూ పటాన్‌చెరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే నలభై ఏళ్ల అక్క "లేదు సార్, ఎప్పుడో ఆగింది" అనవచ్చు. ఆగింది వయసు వల్ల కాకపోవచ్చు. ఎప్పుడో కడుపునొప్పని పోతే గర్భసంచి తీసేసి ఉండవచ్చు. ఆ సంగతి అడగకపోతే తర్వాత ఐదేళ్లు వాడే మందే తప్పు కావచ్చు.

ఇది అరుదైన విషయం కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువ. పిల్లలు పుట్టాక ఇక దానితో పనేముందన్న మాట మన వాడలకు కొత్త కాదు.

గర్భసంచి పోతే నెలసరి ఆగుతుంది. కానీ అండాశయాలు మిగిలి ఉంటే ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజన్ తయారవుతూనే ఉంటుంది. బయాప్సీ రిపోర్టులో ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్ అని ఉంటే ఆ క్యాన్సర్ పెరగడానికి ఈ హార్మోనే ఊతం. టమాక్సిఫెన్ మాత్ర దాన్ని క్యాన్సర్ కణం దగ్గరే అడ్డుకుంటుంది కాబట్టి ముట్లుడిగినా, ఉడగకపోయినా పనిచేస్తుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అలా కాదు. అండాశయాలు పనిచేస్తుంటే ఆ మాత్రలు ఒక్కటే చాలవు.

టమాక్సిఫెన్ ఐదేళ్లు వాడితే ఈ రకం క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. రెండో రొమ్ముకు కూడా రక్షణే. రక్తం గడ్డకట్టడం, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ దీనివల్ల అరుదుగా రావచ్చు. వాడేటప్పుడు గర్భం దాల్చకూడదు.

మరి జబ్బులేని రెండో రొమ్ము కూడా తీయించుకోవాలా? 2013లో ఏంజెలినా జోలీ గురించి చదివిన వాళ్లు ఇదే అడుగుతారు. ఆమెకు అప్పటికి క్యాన్సర్ లేదు, బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉంది. ఆ లోపమున్న స్త్రీకి ఒక రొమ్ములో క్యాన్సర్ వస్తే, ఇరవై ఏళ్లలో రెండోదానిలోనూ వచ్చే అవకాశం నూటికి నలభై దాకా ఉంటుంది. లోపం లేనివారికి అది ఏడాదికి ఒక శాతం కూడా ఉండదు. వారికి ఆ ఆపరేషన్ ఆయుష్షు పెంచినట్టు రుజువు కాలేదు. ప్రాణం తీసేది మొదటి క్యాన్సర్ వేరేచోటికి పాకడమే.

అండాశయాలు తీసేయడం వేరే లెక్క. 1896లోనే స్కాట్లాండ్ సర్జన్ జార్జ్ బీట్సన్ ఈ దారి చూపాడు. నెలనెలా గోసెరెలిన్ ఇంజెక్షన్‌కు బదులు ఒక్కసారితో అయిపోతుంది. కానీ వెనక్కి తిరగలేం, ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు ఉంది. "నువ్వు నెలనెలా రాలేవు కదా, తీసేద్దాం" అంటే అది కూలీ పోతుందన్న సమస్యకు కత్తితో జవాబు చెప్పడమే. ఈఎస్ఐలో క్యాన్సర్‌కు పొడిగించిన అనారోగ్య భృతి ఉంది, జీతంలో 80 శాతం, రెండేళ్ల దాకా. దానికి రెండేళ్ల నిరంతర ఉద్యోగం చూపాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా రికార్డు తెగే అక్కకు అదే దొరకదు.

పాత డిశ్చార్జి చీటీ పోయిందా? స్కానింగ్‌లో అండాశయాలు ఉన్నాయో లేదో చాలావరకు తెలుస్తుంది. పనిచేస్తున్నాయో లేదో ఎఫ్ఎస్‌హెచ్, ఎస్ట్రడయాల్ రక్తపరీక్షలు చెబుతాయి. కీమో తర్వాత కొంతకాలం ఆగిన అండాశయాలు మళ్లీ పనిచేయవచ్చు, అందుకే పరీక్ష ఒక్కసారితో సరిపోదు.